ఓమువామువా: రాయా? ఏలియన్ నౌకా? ఆ డౌట్ ఇంకా ఎందుకు తీరలేదు?

ముందు ఒక చిన్న పని చేయండి. ఈ వీడియోని పాజ్ చేసి, ఫోన్‌లో ఓమువామువా అని సెర్చ్ కొట్టండి. ఏం కనిపించింది? ఎర్రగా, పొడుగ్గా, కాల్చిన చుట్టలాగా ఒక రాయి. వెనకాల నల్లటి ఆకాశం, నక్షత్రాలు. అదే కదా?

అది ఫోటో కాదు. యూరోపియన్ సదరన్ అబ్జర్వేటరీ కోసం ఒక ఆర్టిస్ట్ చేసిన బొమ్మ. అసలు ఫోటో చూస్తే మీరు డిసప్పాయింట్ అవుతారు. నల్లటి తెర మీద ఒక తెల్ల చుక్క, అంతే. హబుల్‌తో చూసినా చుక్కే. దాని ఆకారం తెలిసేంత క్లియర్‌గా ఈ భూమ్మీద ఏ టెలిస్కోపూ దాన్ని చూడలేదు, ఇక చూడలేదు కూడా. అది వెళ్లిపోయింది.

ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ టాపిక్ మీద జరిగిన గొడవంతా ఆ చుక్క మీదే. ఒక చుక్క, దాని వెలుగు ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, ఏ రోజు ఎక్కడ ఉంది. సైంటిస్టుల చేతిలో ఉన్న డేటా ఇంతే. దీని మీద ఒక హార్వర్డ్ ప్రొఫెసర్ ఏకంగా పుస్తకం రాశాడు, అది వేరే నాగరికత తయారు చేసిన వస్తువు అయ్యుండొచ్చని. కొట్టిపారేద్దామంటే ఆయన మామూలు మనిషి కాదు. అలాగని నమ్మేద్దామా? చూద్దాం.

2017 అక్టోబర్ 19. హవాయి దీవుల్లో హలియకలా అనే అగ్నిపర్వతం మీద పాన్-స్టార్స్ అనే టెలిస్కోప్ ఉంది. రోజూ రాత్రి ఆకాశాన్ని స్కాన్ చేసి, కదిలే చుక్కల్ని పట్టుకోవడం దాని డ్యూటీ. రాబర్ట్ వెరిక్ అనే ఆస్ట్రోనమర్ ఆ రోజు డేటా చూస్తుంటే ఒక చుక్క లెక్కకి రాలేదు. స్పీడ్ చాలా ఎక్కువ. లెక్కేస్తే, సూర్యుడికి చాలా దూరంలో ఉన్నప్పుడు కూడా సెకనుకి 26 కిలోమీటర్లతో వచ్చిందని తేలింది. సూర్యుడి దగ్గరికి వచ్చేసరికి సెకనుకి 87 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకి మూడు, నాలుగు సెకన్లు అన్నమాట.

మన సోలార్ సిస్టమ్‌లో పుట్టిన గ్రహమైనా, ఆస్టరాయిడ్ అయినా సూర్యుడికి కట్టేసినట్టు మూసుకున్న దారిలో తిరుగుతుంది. దీని దారి మూసుకోలేదు. ఒక పక్క నుంచి వచ్చి, సూర్యుడి దగ్గర వంపు తిరిగి, ఇంకో పక్కకి పోయింది. అంటే ఇది మనది కాదు. వేరే నక్షత్రం దగ్గర పుట్టి, నక్షత్రాల మధ్య ఖాళీలో ఎన్నాళ్లో తిరిగి మన ఇంటి ముందు నుంచి వెళ్లింది. మనిషి కనిపెట్టిన మొట్టమొదటి ఇంటర్‌స్టెల్లార్ ఆబ్జెక్ట్ ఇదే. హవాయి భాషలో పేరు పెట్టారు, దూరం నుంచి అందరికంటే ముందు వచ్చిన దూత అనే అర్థంలో. నిజం చెప్పాలంటే, పేరు దగ్గరే సగం మందికి డౌట్ వచ్చేసింది!

కానీ ఒక బ్యాడ్ లక్. మనం చూసేసరికే అది వెళ్లిపోతోంది. సెప్టెంబర్ 9నే సూర్యుడికి దగ్గరగా వచ్చి వెనక్కి తిరిగింది. అక్టోబర్ 14న భూమికి సుమారు 2 కోట్ల 40 లక్షల కిలోమీటర్ల దూరంలో దాటింది. మనం కనిపెట్టింది దాని తర్వాత ఐదు రోజులకి. ఆ తర్వాత రోజురోజుకీ మసకబారుతూ పోయింది. 2018 జనవరి మొదట్లో హబుల్ చివరిసారి పట్టుకుంది. మొత్తం రెండున్నర నెలలు. అందులో బాగా కనిపించింది మొదటి ఒకటి రెండు వారాలే.

ఆ కొద్ది టైమ్‌లోనే రెండు వింతలు బయటపడ్డాయి.

మొదటిది వెలుగు. దాదాపు ఏడెనిమిది గంటలకోసారి దాని వెలుగు పది రెట్లు పెరిగి, మళ్లీ తగ్గుతోంది. గుండ్రటి రాయి అయితే ఎలా తిరిగినా వెలుగు పెద్దగా మారదు. వంటింట్లో అప్పడాల కర్ర తీసుకుని లైట్ కింద తిప్పండి. అడ్డంగా ఉన్నప్పుడు కర్ర మొత్తం కనిపిస్తుంది, కొన మీ వైపు తిరిగితే చిన్న గుండ్రం కనిపిస్తుంది. అందుకే మొదట్లో అందరూ అప్పడాల కర్ర షేప్ అనుకున్నారు, ఆ చుట్ట బొమ్మ అలా పుట్టింది. కానీ దోశని తిప్పినా అంతే కదా? ఎదురుగా చూస్తే ఇంత వెడల్పు, అంచు నుంచి చూస్తే సన్నటి గీత. 2019లో వచ్చిన ఒక అనాలిసిస్ ప్రకారం డేటాకి దోశ షేపే బాగా సరిపోతుంది. బొమ్మ మాత్రం చుట్ట దగ్గరే ఆగిపోయింది. ఏ షేప్ అయినా, ఇంత సాగిపోయిన లేదా ఇంత చదునుగా ఉన్న ఆస్టరాయిడ్ మన దగ్గర చాలా అరుదు. సైజు సుమారు 100 నుంచి 400 మీటర్ల మధ్య ఉండొచ్చని అంచనా.

రెండో వింత ఇంకా పెద్దది. 2018 జూన్‌లో మార్కో మికెలి టీమ్ నేచర్ జర్నల్‌లో ఒక పేపర్ వేసింది. సూర్యుడు, గ్రహాల ఆకర్షణ మొత్తం లెక్కేసి ఓమువామువా ఎక్కడ ఉండాలో చూస్తే, అది అక్కడ లేదు. సుమారు 40 వేల కిలోమీటర్లు ముందుకి వెళ్లిపోయింది. అంటే ఏదో దాన్ని సూర్యుడి నుంచి బయటికి నెడుతోంది. చాలా చిన్న తోపుడే, సూర్యుడి ఆకర్షణలో దాదాపు వెయ్యో వంతు. కానీ కొలతలో తప్పు అని తోసిపుచ్చడానికి లేదు, అంత గట్టిగా డేటాలో ఉంది.

ఇక్కడ ఆగి ఒకటి గుర్తు చేసుకోవాలి. ఇలాంటి తోపుడు కొత్తేం కాదు. తోకచుక్కలకి మామూలే. సూర్యుడి వేడికి వాటిలోని మంచు ఆవిరై జెట్‌లాగా బయటికి కొడుతుంది. గాలి ఊదిన బెలూన్ మూతి వదిలేస్తే ఎటో దూసుకుపోతుంది చూడండి, అదే సూత్రం. అందుకే మికెలి టీమ్ కూడా ఇది ఆవిరి పనే అయ్యుండాలి అని రాసింది. మరి గొడవేంటి? తోకచుక్క అయితే తోక ఉండాలి కదా! కనీసం చుట్టూ మసకగా దుమ్ము, గ్యాస్ ఉండాలి. ఎంత వెతికినా ఏమీ కనిపించలేదు. స్పిట్జర్ స్పేస్ టెలిస్కోప్ కూడా అటు తిరిగి గంటల తరబడి చూసింది. దానికి అసలు ఆ వస్తువే కనిపించలేదు. కార్బన్ డయాక్సైడ్ లాంటివి ఎక్కువ వస్తుంటే స్పిట్జర్ పట్టుకునేదే. పట్టుకోలేదు.

తోపుడు ఉంది, తోసేది కనిపించట్లేదు. ఏలియన్ థియరీ పుట్టింది సరిగ్గా ఈ గ్యాప్‌లోనే.

అవి లోబ్. హార్వర్డ్‌లో ఆస్ట్రోనమీ డిపార్ట్‌మెంట్‌కి సుమారు తొమ్మిదేళ్లు హెడ్‌గా చేసిన మనిషి. 2018లో ఆయన, ష్ముయెల్ బియాలీ కలిసి ఒక పేపర్ రాశారు. గ్యాస్ లేదు కాబట్టి తోస్తున్నది సూర్యకాంతే అనుకుందాం అన్నారు. కాంతికి తోసే శక్తి ఉందా అంటే ఉంది, చాలా తక్కువ. జపాన్ వాళ్లు 2010లో ఇకారోస్ అనే స్పేస్‌క్రాఫ్ట్‌ని పల్చటి తెరచాప కట్టి కాంతితోనే నెట్టించారు. సరే, ఓమువామువాని కాంతి అంతగా నెట్టాలంటే అది ఎంత పల్చగా ఉండాలి? లెక్కలో ఒక మిల్లీమీటర్ కన్నా తక్కువ మందం అని వచ్చింది. వంద మీటర్ల సైజు, మిల్లీమీటర్ కూడా లేని మందం. ఇలాంటిది ప్రకృతి చేయదు, కాబట్టి ఎవరో చేసి ఉండొచ్చు, బహుశా పాడైపోయిన తెరచాప కావచ్చు. 2021లో ఇదే వాదనతో ఆయన పుస్తకం వచ్చింది, ప్రపంచమంతా హెడ్‌లైన్స్.

నా అభిప్రాయం అడిగితే, ఆయన వేసిన ప్రశ్న మంచిదే. అందరూ గ్యాస్ అని రాసుకుంటున్నప్పుడు ఏ గ్యాస్, ఎక్కడ, చూపించండి అని ఒకరు అడగాలి. ఇబ్బంది ఎక్కడంటే, కాంతే తోస్తోంది అనేది లెక్క మొదలుపెట్టడానికి వేసుకున్న ఊహ. లెక్క చివర్లో పల్చటి తెర వచ్చింది కాబట్టి అది తెరే అంటే ఎలా? మొదటి ఊహకి ప్రూఫ్ ఎక్కడిది? ఇంకోటి, తెరచాప పనిచేయాలంటే సూర్యుడి వైపు నిలకడగా నిలబడాలి. ఇదేమో పల్టీలు కొడుతూ పోతోంది. పాడైపోయింది కదా అని లోబ్ అంటారు. సరే, కావచ్చు. కానీ అలా అయితే, పనిచేస్తే ఏలియన్, పనిచేయకపోతే పాడైపోయిన ఏలియన్. మరి ఏం కనిపిస్తే కాదని ఒప్పుకుంటారు?

రేడియో సిగ్నల్స్ కోసం కూడా వెతికారు ఫ్రెండ్స్. 2017 డిసెంబర్‌లో బ్రేక్‌త్రూ లిజన్ ప్రాజెక్ట్ వాళ్లు అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ టెలిస్కోప్‌ని అటు తిప్పారు. ఏమీ వినపడలేదు.

అవతలి పక్కవాళ్లు ఖాళీగా కూర్చోలేదు. ఈ ఐదారేళ్ల కథ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఒక్కొక్కరూ ఒక ఐడియా తేవడం, ఇంకొకరు దాన్ని పగలగొట్టడం. 2020లో సెలిగ్మన్, లాఫ్లిన్ అనే ఇద్దరు, ఇది గడ్డకట్టిన హైడ్రోజన్ ముద్ద అయ్యుండొచ్చు అన్నారు. హైడ్రోజన్ గ్యాస్ కనిపించదు కాబట్టి తోక లేకపోవడం సరిపోతుంది. దాన్ని పడగొట్టింది ఎవరో తెలుసా? లోబే, ఇంకో సైంటిస్టుతో కలిసి. హైడ్రోజన్ మంచు అంత దూరం ప్రయాణం తట్టుకోదు, దారిలోనే ఆవిరైపోతుందని లెక్కేసి చూపించారు. 2021లో జాక్సన్, డెష్ నైట్రోజన్ మంచు అన్నారు. ప్లూటో పైన నైట్రోజన్ మంచు పొరలు ఉన్నాయి కదా, ఎక్కడో వేరే ప్లూటో మీద నుంచి రేగిన పెచ్చు అని. అంత నైట్రోజన్ ఎక్కడిది, ఇలాంటి పెచ్చులు గెలాక్సీలో అన్ని ఉండాలంటే ఎన్ని ప్లూటోలు కావాలి అని దానికీ ఎదురు ప్రశ్న వచ్చింది.

2023 మార్చిలో జెన్నిఫర్ బెర్గ్నర్, సెలిగ్మన్ నేచర్‌లో ఇంకో మాట చెప్పారు. ఇది మామూలు నీటి మంచు ఉన్న చిన్న తోకచుక్కే. నక్షత్రాల మధ్య ఉన్నన్నాళ్లూ కాస్మిక్ కిరణాలు తగిలి, మంచులో కొంత నీరు విడిపోయి హైడ్రోజన్ పుట్టింది. ఆ హైడ్రోజన్ మంచులోనే చిన్న చిన్న గదుల్లో ఇరుక్కుపోయింది. సూర్యుడి దగ్గర వేడి తగలగానే మంచు లోపల సర్దుకుని, ఇరుక్కున్న గ్యాస్ బయటికి వచ్చింది. మంచు మొత్తం ఆవిరి కాలేదు కాబట్టి దుమ్ము లేవలేదు, తోక లేదు. హైడ్రోజన్ మన కంటికి చిక్కలేదు. పెద్ద తోకచుక్కలో ఇలాంటి తోపుడు తెలియదు, ఇంత చిన్న వస్తువు కాబట్టి తెలిసింది. చూడండి, ఇందులో కొత్త రకం పదార్థం ఏదీ అక్కర్లేదు. లోబ్ దీన్ని కూడా వదల్లేదు, ఉపరితలం మీద వేడి లెక్క తప్పు అని ఇంకో పేపర్ వేశారు.

దీనికి ఒక సపోర్ట్ అనుకోని చోటి నుంచి వచ్చింది. మన సోలార్ సిస్టమ్‌లోనే కొన్ని ఆస్టరాయిడ్లకి ఇలాంటి తోపుడు కనిపించింది, తోక మాత్రం లేదు. 2003 ఆర్ఎం అనేది అందులో ఒకటి. 2024 చివరికి ఇలాంటివి 14 అయ్యాయి. వీటికి డార్క్ కామెట్స్ అని పేరు పెట్టారు. ఇవే ఓమువామువా రకం అని ఎవరూ తేల్చి చెప్పలేదు. కానీ తోక లేకుండా తోపుడు ఉండటం అనేది ప్రపంచంలో ఒకే ఒక్కసారి జరిగిన అద్భుతం అనే మాట మాత్రం ఇక చెల్లదు.

ఇప్పుడు నేను ఈ ఎపిసోడ్ చేయడానికి అసలు కారణం. మనిషి చేసిన వస్తువు నిజంగా అంతరిక్షంలో దొరికితే సైంటిస్టులు గుర్తుపడతారా, లేక అలవాటు కొద్దీ రాయి అనేస్తారా? చాలా మందికి ఉన్న డౌట్ ఇదే. దీనికి ఊహలు అక్కర్లేదు, ఒకసారి జరిగింది.

2020 సెప్టెంబర్ 17. అదే హవాయి, అదే పాన్-స్టార్స్ టెలిస్కోప్. ఒక కొత్త చుక్క దొరికింది. ఆస్టరాయిడ్ లిస్ట్‌లో 2020 ఎస్‌ఓ అని ఎక్కించారు. నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పాల్ చోడస్‌కి దీని ఆర్బిట్ చూసి అనుమానం వచ్చింది. భూమి దారికి మరీ దగ్గరగా ఉంది, భూమితో పోలిస్తే స్పీడ్ మరీ తక్కువ. రాళ్లు సాధారణంగా ఇలా రావు. ఇంకొన్ని వారాలు కొలిస్తే సూర్యకాంతి దీన్ని రాయిని తోసేదానికంటే ఎక్కువ తోస్తోందని తేలింది. అంటే సైజుకి తగ్గ బరువు లేదు, లోపల డొల్ల. ఓమువామువా విషయంలో లోబ్ ఊహించింది కూడా ఇదే కదా! ఇక్కడ మాత్రం అక్కడితో ఆగలేదు. ఆర్బిట్‌ని వెనక్కి నడిపించుకుంటూ పోతే, 1966 సెప్టెంబర్‌లో ఇది భూమికి దగ్గరగా ఉంది. ఆ నెలలో ఏం ప్రయోగించారు? చంద్రుడి మీదికి సర్వేయర్ 2. ఆ ల్యాండర్ చంద్రుడి మీద కూలిపోయింది. దాన్ని మోసుకెళ్లిన సెంటార్ రాకెట్ భాగం మాత్రం చంద్రుణ్ని దాటి సూర్యుడి చుట్టూ తిరిగే దారిలోకి పోయింది. ఆ తర్వాత దాని అడ్రస్ ఎవరికీ తెలియదు.

ఇంకా ప్రూఫ్ కావాలి. అరిజోనా యూనివర్సిటీలో విష్ణు రెడ్డి టీమ్ ఇన్‌ఫ్రారెడ్ టెలిస్కోప్‌తో దాని నుంచి వచ్చే కాంతిని విడగొట్టి చూసింది. ల్యాబ్‌లో ఆ రాకెట్‌కి వాడిన రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌తో పోల్చితే సరిగ్గా కలవలేదు! కొత్త స్టీల్‌ని, 54 ఏళ్లు ఎండలో, అంతరిక్షంలో మాడిన స్టీల్‌తో పోల్చడం కరెక్ట్ కాదు అనుకున్నారు. అందుకే 1971 నుంచి భూమి చుట్టూ తిరుగుతున్న ఇంకో సెంటార్ రాకెట్‌ని వెతికి పట్టుకుని దాని కాంతి కూడా తీశారు. రెండూ కలిశాయి. 2020 డిసెంబర్‌లో నాసా ప్రకటించింది, ఇది రాయి కాదు, మన రాకెట్టే అని.

అంటే కృత్రిమ వస్తువుని గుర్తుపట్టే పద్ధతి మనకుంది. దారి, బరువు, చివరికి లోహం, మూడూ ఒకే మాట చెప్పాలి. ఓమువామువా దగ్గర మనకి దొరికింది ఒకటిన్నర ముక్క. అది ఏ పదార్థమో తెలిసేంత వెలుగు లేదు, టైమ్ లేదు. 2019లో ఒక అంతర్జాతీయ సైంటిస్టుల టీమ్ మొత్తం డేటా కూర్చి చూసి, ఏలియన్ అనడానికి గట్టి ఆధారం లేదు, సహజ వస్తువు అనుకుంటే డేటా సరిపోతుంది అంది. నేను కూడా ఆ పక్కే. ఎలాంటి సహజ వస్తువు అంటే మాత్రం, బెర్గ్నర్ చెప్పింది అన్నిటికంటే నమ్మేలా ఉంది తప్ప, తేలిపోయింది అని చెప్పను.

ఇక మీరంతా ఎదురుచూస్తున్న త్రీ ఐ అట్లాస్. మధ్యలో 2019లో బోరిసోవ్ అనే రెండో ఇంటర్‌స్టెల్లార్ అతిథి వచ్చింది, దానికి చక్కగా తోక ఉంది, గొడవ లేదు, అందుకే ఎవరికీ గుర్తులేదు! మూడోది 2025 జూలై 1న చిలీలోని అట్లాస్ టెలిస్కోప్‌కి దొరికింది. స్పీడ్ సెకనుకి 58 కిలోమీటర్లు, ఓమువామువాకి డబుల్ పైనే. లోబ్ మళ్లీ రంగంలోకి దిగారు. దాని దారి గ్రహాలు తిరిగే తలానికి ఐదు డిగ్రీల లోపే ఉంది, ఇలా జరిగే ఛాన్స్ 0.2 శాతం అన్నారు.

ఈ 0.2 శాతం సంగతి చూద్దాం. మీ ఫోన్‌కి ఒక ఓటీపీ వచ్చింది, 483920 అనుకోండి. కరెక్ట్‌గా ఆ నంబరే రావడానికి ఛాన్స్ ఎంత? పది లక్షల్లో ఒకటి. అమ్మో, ఎవరో కావాలని పంపారు అంటారా? అనరు. ఏదో ఒక నంబర్ రావాలి కదా. ఆ నంబర్ వస్తుందని నిన్ననే రాసిపెట్టి ఉంటే అప్పుడు భయపడాలి. వస్తువు వచ్చాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అరుదుగా ఉన్నవి ఏరి లిస్ట్ రాస్తే, ఏ రాయికైనా అలాంటి లిస్ట్ తయారవుతుంది.

ఈసారి తేడా ఏంటంటే డేటా బోలెడంత. జూలైలోనే హబుల్ ఫోటోలో చుట్టూ దుమ్ము కనిపించింది. ఆగస్టులో జేమ్స్ వెబ్ చూస్తే కార్బన్ డయాక్సైడ్ దండిగా వస్తోంది. నికెల్ ఆవిరి కనిపించింది, ఫ్యాక్టరీ లోహం అన్నారు. కానీ నికెల్ ఆవిరి మన తోకచుక్కల్లో, బోరిసోవ్‌లో కూడా ఉందని 2021లోనే పేపర్లు వచ్చాయి. అక్టోబర్‌లో మార్స్ దగ్గర్నుంచి తీసిన ఫోటోలు అమెరికా ప్రభుత్వ షట్‌డౌన్ వల్ల లేటయ్యాయి, దాచేస్తున్నారు అని రీల్స్ నిండిపోయాయి. నవంబర్ 19న నాసా రిలీజ్ చేసింది. మసక ముద్ద. తోకచుక్క ఎలా ఉండాలో అలాగే. మన ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్లు కూడా మౌంట్ అబూలోని 1.2 మీటర్ల టెలిస్కోప్‌తో దీన్ని చూశారు.

రేడియో సిగ్నల్ వచ్చింది అనే వీడియోలు చూసే ఉంటారు. అందులో సగం నిజం ఉంది. అక్టోబర్ 24న దక్షిణాఫ్రికాలోని మీర్‌కాట్ టెలిస్కోప్ అటు చూసింది. సూర్యకాంతి తగిలి నీటి అణువు విరిగితే హైడ్రాక్సిల్ అనే ముక్క మిగులుతుంది. అది 1665, 1667 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగాల్ని మింగేస్తుంది. మీర్‌కాట్‌కి దొరికింది ఆ మింగిన గుర్తు. అంటే ఎవరో పంపిన సిగ్నల్ కాదు, వెనకాల నుంచి వచ్చే సిగ్నల్‌లో పడిన గుంట. అక్కడ నీళ్లున్నాయి, అది తోకచుక్కే అనడానికి ఇంకో ప్రూఫ్ దొరికిందన్నమాట. మన ఫోన్లలోకి వచ్చేసరికి అది ఏలియన్ మెసేజ్ అయిపోయింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఈ విశ్వంలో మనం ఒంటరిమా అనేది మనిషి అడగగలిగిన పెద్ద ప్రశ్నల్లో ఒకటి. దాన్ని వారానికోసారి వ్యూస్ కోసం వాడేస్తే, రేపు నిజంగా ఏదైనా దొరికిన రోజు మీరు స్క్రోల్ చేసి వెళ్లిపోతారు.

ఓమువామువా ఇప్పుడు నెప్ట్యూన్ దారి కూడా దాటేసి, పెగాసస్ నక్షత్రాల వైపు పోతోంది. ఏ టెలిస్కోప్‌కీ అందదు. కాకపోతే చిలీలో వెరా రూబిన్ అబ్జర్వేటరీ 2025లో మొదటి ఫోటోలు ఇచ్చింది. 8.4 మీటర్ల అద్దం, 3,200 మెగాపిక్సెల్ కెమెరా. ఇలాంటి అతిథుల్ని ఇది ఇంకా ముందుగా, వస్తుండగానే పట్టుకోవాలి. యూరప్ వాళ్లయితే కామెట్ ఇంటర్‌సెప్టర్ అనే స్పేస్‌క్రాఫ్ట్‌ని ముందే పంపి, సరైన తోకచుక్క వచ్చేదాకా అక్కడే వెయిట్ చేయించే ప్లాన్‌లో ఉన్నారు. అదృష్టం బాగుంటే ఆ వచ్చేది వేరే నక్షత్రం నుంచి కూడా కావచ్చు. అప్పుడు చుక్క కాదు, అసలు ఫోటో చూస్తాం.

ఆ కామెట్ ఇంటర్‌సెప్టర్ ఎలా పనిచేస్తుందో విడిగా ఒక ఎపిసోడ్ చేద్దాం.